మ్యాట్నీ ఊరు

టికెట్ ధర మీద ప్రభుత్వాలు జీవోలు ఇస్తాయి, కోర్టులు తీర్పులు చెబుతాయి. అడవి అవతల ఉన్న ఊరికి ఒక సినిమా ఎంత పడుతుందో ఆ కాగితాల్లో ఎక్కడా కనిపించదు.

నాకు రెండు కొత్తగూడలు తెలుసు. ఒకటి కన్నది, ఒకటి కూడు పెడుతున్నది.

కన్నది మహబూబాబాద్ జిల్లాలో ఉంది. నర్సంపేట దాటి, కాకతీయుల కాలపు పాఖాల చెరువు దాటి, అడవి నడుమ నుంచి పోయే తోవ మీద తగిలే మండల కేంద్రం. చుట్టూ కోయగూడేలు, లంబాడీ తండాలు. వరి, మక్క, పత్తి, మిర్చి. మా ఊరి సంగతి ఒక్క ముక్కలో చెప్పాలంటే జిల్లా మహబూబాబాద్, ఓటు ములుగు, బజారు నర్సంపేట. 2016లో జిల్లాలు విడిపోకముందు అంతా వరంగలే. కాగితాల మీద మూడు దిక్కులకు పంచిన ఊరికి సినిమా విషయంలో మాత్రం ఒక్కటే దిక్కు. నర్సంపేట బస్సెక్కుడే.

కూడు పెడుతున్నది హైదరాబాద్‌లో కొండాపూర్‌ను ఆనుకొని ఉన్న కొత్తగూడ. దానికీ ఒక అడవి ఉంది. బొటానికల్ గార్డెన్ ఉన్నది కొత్తగూడ రిజర్వ్ ఫారెస్టులోనే. 2023 జనవరి 1న తెరిచిన ఫ్లైఓవర్ ఉంది. ఆ దగ్గర్లోనే శరత్ సిటీ క్యాపిటల్ మాల్, అందులో ఏఎంబీ సినిమాస్. మహేశ్‌బాబు, ఏషియన్ సినిమాస్ కలిసి 2018 డిసెంబర్‌లో తెరిచిన మల్టీప్లెక్స్. ఏడు తెరలు. నా అద్దె గది నుంచి చెప్పులేసుకొని నడిచిపోవచ్చు. రాత్రి పదకొండు గంటలకు బుద్ధి పుట్టినా ఏదో ఒక ఆట ఉంటుంది.

రెండు ఊళ్లకూ మధ్య రెండు వందల కిలోమీటర్లకు పైనే. పేరు ఒకటే అయ్యేసరికి ఫోన్‌లో మా అవ్వ మొదట అడిగే మాట, ‘ఏ కొత్తగూడల ఉన్నవు బిడ్డా?’

టికెట్ ధరల గురించి నాలుగైదేళ్లుగా తెలుగు నేల మీద జరిగినంత చర్చ బియ్యం ధర మీద కూడా జరగలేదేమో అనిపిస్తుంది నాకు. నిర్మాతలు మాట్లాడారు, హీరోలు మాట్లాడారు, మంత్రులు మాట్లాడారు, హైకోర్టు మాట్లాడింది. అన్నీ శ్రద్ధగా చదివాను. ఎక్కడ వెతికినా టికెట్ ఉంది గానీ తోవ లేదు. మా ఊరోళ్లకు సినిమా ఖర్చు కౌంటర్ దగ్గర మొదలుకాదు. పొద్దున ఇంట్లో పొయ్యి ముట్టించిన కాడ మొదలైతుంది.

పొద్దున ఏడింటికి మొదలయ్యే సినిమా

నా చిన్నతనంలో మా ఇంట్లో సినిమాకు ఒక రుతువు ఉండేది. ఎండాకాలం తునికాకు పైసలు చేతిలో పడ్డాక. ఏప్రిల్, మే నెలల్లో చీకటితోనే అడవికి పోయి, ఆకు తెంపి, యాభై ఆకుల చొప్పున కట్టలు కట్టి కల్లంలో అప్పజెబితే వచ్చే పైసలు. అందులో విత్తనాలకు ఇంత, అప్పుకు ఇంత, బట్టలకు ఇంత పోగా, ‘ఒక్కసారి నర్సంపేట పోయొద్దాం’ అని బాపు అనేవాడు. ఆ మాటలో సినిమా అన్న పదం ఉండేది కాదు. అయినా మా అందరికీ తెలిసేది.

సినిమా మధ్యాహ్నం రెండు గంటలకు. మా ఇంట్లో హడావుడి పొద్దున ఏడింటికే. అవ్వ సర్వపిండి చేసి గుడ్డలో కట్టేది. గొడ్లను ఎవరు చూడాలి, నీళ్లు ఎవరు పెట్టాలి అని పక్కింటి పెద్దమ్మతో ఒప్పందం. ఆ రోజుకు ఇద్దరి కూలి పోయినట్టే. పది గంటల బస్సు దొరికితే సరే, దొరక్కపోతే జీపు. జీపులో లోపల ఎందరో, పైన అందరు. పాఖాల అడవిలో తోవ మలుపులు తిరుగుతుంటే మా చెల్లె ప్రతిసారీ వాంతి చేసుకునేది. నర్సంపేటలో దిగి మొహం కడిగించి, థియేటర్ దాకా నడిపించి, పోస్టర్ ముందు నిలబెడితే అప్పుడు నవ్వేది.

నాలుగు ఆటల్లో మాకు దక్కేది ఒక్కటే. మార్నింగ్ షోకు అందలేము. ఫస్ట్ షో విడిచేసరికి తొమ్మిదిన్నర, అప్పటికి మా బస్సు ఉండదు. సెకండ్ షో మాట మాకు కథల్లోనే తెలుసు. పట్నం పిల్లలు ‘మిడ్‌నైట్ షో’ అంటుంటే నాకు ఇప్పటికీ వేరే దేశపు మాట విన్నట్టే ఉంటుంది. మ్యాట్నీ ఒక్కటే మాది. మ్యాట్నీ దొరకలేదంటే పోయిన పని పాడైనట్టే. హౌస్‌ఫుల్ బోర్డు పట్నపోనికి ఒక రోజు ఆలస్యం. మాకు ఒక ఏడాది ఆలస్యం.

అట్లా ఒకసారి జరిగింది. బోర్డు తగిలించి ఉంది. బయట ఒకడు రెట్టింపు ధరకు బ్లాక్‌లో అమ్ముతున్నాడు. బాపు వాడి దగ్గర నిలబడి జేబులో పైసలు లెక్కపెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణానికి పక్కన పెట్టినవి ముట్టుకోకుండా లెక్కపెట్టాడు. సరిపోలేదు. ‘మన ఇద్దరం బయట కూసుందాం తియ్, అవ్వ, చెల్లె చూసొస్తరు’ అన్నాడు నాతో. మేమిద్దరం ఎదుటి అరుగు మీద కూర్చున్నాం. గోడ అవతల నుంచి ఫైట్ల చప్పుడు, పాటలు, ఈలలు. ఎక్కడ ఏం జరుగుతున్నదో బాపు ఊహించి చెప్పాడు నాకు. బస్సులో చెల్లె చెప్పిన అసలు కథ కంటే బాపు చెప్పిందే నాకు నచ్చింది. ఆ రోజు సంగతి ఇప్పుడు మంచి జ్ఞాపకంగానే చెప్పుకుంటున్నాను గానీ, అరుగు మీద కూర్చున్న ఆ రెండున్నర గంటల్లో బాపు ముఖం ఎట్లుందో నేను మరువలేదు.

ఓపిక ఉన్నోనికి చౌక

మా పెద్దల కాలంలో దూరపు ఊళ్లకు ఒక రాయితీ ఉండేది. ఎవరూ జీవో ఇవ్వని రాయితీ. ఆలస్యం.

సినిమా అప్పట్లో రీళ్ల మీద నడిచేది. ఒక్కో రీలు వెయ్యి అడుగులు, పదకొండు నిమిషాలు. పూర్తి సినిమాకు పదహారో పద్దెనిమిదో రీళ్లు, రేకు డబ్బాల్లో. ఒక ప్రింటు తీయించడం ఖర్చుతో కూడిన పని కాబట్టి పరిమితంగా తీసేవాళ్లు. ముందు పెద్ద పట్నాలు, తర్వాత తాలూకా కేంద్రాలు, ఆ తర్వాత టూరింగ్ టాకీసులు. పట్నంలో వంద రోజులు ఆడిన ప్రింటు గీతలు పడి, అక్కడక్కడ ఫ్రేములు తెగి, చివరికి మనదాకా వచ్చేది. గుడారంలో ఘంటసాల పాడిన ‘నమో వెంకటేశా’ మైకులో మోగిందంటే ఆట మొదలవుతున్నట్టు. అది విని ఇంటి నుంచి పరుగెత్తేవాళ్లట. నేల టికెట్, బెంచీ, కుర్చీ. నేల మీద కూర్చునేవానికి తెర దగ్గర, ధర తక్కువ. ఇసుక కుప్ప చేసుకొని కూర్చుంటే వెనకవాళ్లు తిట్టేవాళ్లు. నేల టికెట్ అన్న మాటను ఇప్పుడు ఎగతాళికి వాడుతున్నారు. నాకు కోపం వస్తుంది. ఒక్కరోజు కూలి పూర్తిగా పోకుండా కూలిమనిషి సినిమా చూసిన ఏర్పాటు అది.

2005 తర్వాత డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చింది. క్యూబ్, యూఎఫ్‌ఓ వంటి సంస్థలు సర్వర్లు పెట్టాయి. పదేళ్లు తిరక్కుండానే ప్రింటు దాదాపు కనుమరుగైంది. హైదరాబాద్‌లో పడ్డ రోజే నర్సంపేటలోనూ ఆట పడసాగింది. మా తరం పండగ చేసుకుంది. గీతల్లేని బొమ్మ, పగిలిపోని శబ్దం, మొదటి రోజే కథ. అది నిజమైన మేలు, కాదనను.

అయితే మొదటి రోజుతో పాటు మొదటి రోజు ధర కూడా వచ్చింది. సినిమా ఆయుష్షు వంద రోజుల నుంచి రెండు మూడు వారాలకు పడిపోయింది. అంతటా ఒకేసారి వేసి, పది రోజుల్లో పెట్టుబడి రాబట్టుకోవడమే వ్యాపారం. కొన్నాళ్లు ఆగితే చౌకగా చూడొచ్చన్న దారి మూసుకుపోయింది. ఆగితే సినిమా ఉండదు, ఫోన్‌లోకి వచ్చేస్తుంది. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపుకొని మరీ చర్చించిన వాటిలో ఇదొకటి. పెద్ద సినిమాలు ఎనిమిది వారాల దాకా ఓటీటీకి ఇవ్వొద్దని అనుకున్నారు. ఆచరణలో ఆ గడువు నిలబడలేదు. తునికాకు పైసలు వచ్చేదాకా ఆగే ఇల్లు ఈ లెక్కలో ఎక్కడ ఇముడుతుంది?

జీవో లెక్క, కూలి లెక్క

తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబర్‌లో ఇచ్చిన జీవో ప్రకారం ఏసీ సింగిల్ థియేటర్‌లో టికెట్ గరిష్ఠంగా 150 రూపాయలు, మల్టీప్లెక్స్‌లో 250. జీఎస్టీ అదనం. 18 శాతం కలిపితే 177, 295. ఉపాధి హామీ పనికి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకూలి 307 రూపాయలు. గడ్డపారతో ఒక రోజు మట్టి తవ్విన కష్టం, మల్టీప్లెక్స్‌లో ఒక కుర్చీ, రెండూ పన్నెండు రూపాయల తేడాలో ఉన్నాయి.

ఒక ఇంటి నుంచి ఐదుగురు పోతే గరిష్ఠ ధరకు సింగిల్ థియేటర్‌లోనే 885. దాదాపు మూడు రోజుల కూలి. ఇది మామూలు రోజుల ధర.

‘పుష్ప 2’ వచ్చినప్పటి ధరలు చూద్దాం. 2024 డిసెంబర్ 4 రాత్రి ప్రత్యేక ఆటకు 800 రూపాయల పెంపు ఇచ్చారు. పన్నుతో కలిపి సింగిల్ థియేటర్‌లో 1,121, మల్టీప్లెక్స్‌లో 1,239. మరుసటి నాలుగు రోజులు సింగిల్ థియేటర్‌కు 150, మల్టీప్లెక్స్‌కు 200 పెంపు. అంటే 354, 531. ఐదుగురి ఇంటికి సింగిల్ థియేటర్‌లోనే 1,770. ఆ ఏడాది ఉపాధి కూలి 300. ఆరు రోజులు చెమటోడ్చితే ఒక మ్యాట్నీ.

ఆ డిసెంబర్ 4 రాత్రే హైదరాబాద్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర సంధ్య థియేటర్‌లో తొక్కిసలాట జరిగింది. కుటుంబంతో సినిమాకు వచ్చిన ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. అభిమాన హీరోను చూడాలని పిల్లాడు అడిగితే కాదనలేక వచ్చిన ఇల్లు అది. ఆ వార్త చదివిన రోజు నాకు మా బాపు గుర్తొచ్చాడు, ఆ అరుగు గుర్తొచ్చింది. పిల్లలు అడిగితే తల్లిదండ్రులు స్తోమతకు మించి పోతారు. ఆ సంగతి ధర పెంచేవాళ్లకు బాగా తెలుసు.

డిసెంబర్ 21న ముఖ్యమంత్రి శాసనసభలో ఇకపై ప్రత్యేక ఆటలకు, పెంపులకు అనుమతి ఉండదని ప్రకటించారు. నెల తిరక్కుండానే సంక్రాంతి సినిమాకు పెంపు ఇచ్చారు, హైకోర్టు కలగజేసుకున్నాక వెనక్కి తీసుకున్నారు. ప్రతి పెద్ద సినిమాకూ ఇదే తంతు ఎందుకో నాకు అర్థం కాదు. మొదటి వారం ధర పెంచితే పట్నంలో పోనోడు పోడు, ఇంకో వారం ఆగుతాడు. మా ఊరోనికి ఆ రోజు సెలవు దొరికింది, బస్సు దొరికింది, పిల్లలను తయారు చేసి తెచ్చాడు. కౌంటర్ దగ్గరికి వచ్చాక వెనక్కి తిరగలేడు. పెంపు భారం అందరికంటే ఎక్కువ పడేది అందరికంటే దూరం నుంచి వచ్చినోని మీద.

చౌకగా ఇస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 ఏప్రిల్‌లో ఇచ్చిన 35వ జీవో గ్రామపంచాయతీల్లోని ఏసీ లేని థియేటర్లలో అట్టడుగు తరగతి టికెట్‌ను ఐదు రూపాయలుగా నిర్ణయించింది. వినడానికి బాగుంది. ఐదు రూపాయలతో కరెంటు బిల్లు కట్టలేమని, సిబ్బందికి జీతాలివ్వలేమని చాలామంది తాళాలు వేసుకున్నారు. 2022 మార్చిలో మళ్లీ జీవో మార్చి కనీస ధరను 20 రూపాయలు చేశారు. దగ్గరున్న థియేటర్ మూతపడితే పేదోనికి మిగిలేది ఇంకో యాభై కిలోమీటర్లు. చౌక టికెట్ ఆ బస్సు కిరాయికి చాలదు.

జీఎస్టీ సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద రూపాయల లోపు టికెట్ మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. 112 పడేది 105 అయింది. వంద దాటితే 18 శాతమే. చిన్న ఊళ్ల థియేటర్లు వంద లోపు టికెట్లు నిలుపుకుంటే ఆ ఏడు రూపాయలు నిజంగా మనిషి జేబులో మిగులుతాయి. ఒక టీ తాగొచ్చు.

నర్సంపేట థియేటర్ వాని బాధ

థియేటర్ వాళ్ల వైపు నుంచీ ఆలోచించాలి. 2024 మే 17 నుంచి పది రోజులు తెలంగాణలో సింగిల్ థియేటర్లు ఆటలు నిలిపేశాయి. ఎన్నికలు, ఐపీఎల్ ఒకేసారి రావడంతో పెద్ద సినిమాలు లేవు. జనం రాని హాలుకు ఏసీ వేస్తే వచ్చే బిల్లు కంటే మూసుకుంటే నయం అనుకున్నారు. ఎండాకాలం సెలవుల్లో, తునికాకు పైసలు చేతిలో ఉన్న రోజుల్లో తెరలు చీకటిగా ఉన్నాయి. 2025లో మళ్లీ, జూన్ 1 నుంచి మూసేస్తామని రెండు రాష్ట్రాల ఎగ్జిబిటర్లు అన్నారు. అద్దె పద్ధతి తమకు గిట్టడం లేదని, మల్టీప్లెక్సులకు ఇస్తున్నట్టు వసూళ్లలో శాతం ఇవ్వాలని వాళ్ల అడుగుడు. చివరికి మూయలేదు గానీ, అడిగింది న్యాయమైనదే అని నా అభిప్రాయం. సినిమా ఆడితే వాటా రాదు, ఆడకపోతే ఖాళీ కుర్చీలు మాత్రం వాళ్లవే. ఇట్లా ఎన్నాళ్లు నడుస్తుంది? ఒక్కో ఊళ్లో ఒక్కో థియేటర్ ఫంక్షన్ హాలు అవుతున్నది, గోదాము అవుతున్నది. అట్లా మారిన ప్రతి గోడ వెనకా మా కొత్తగూడ వంటి ఇరవై ఊళ్లు ఉన్నాయి.

లోపల

ఇంత చేసి లోపలికి పోతే ఏం దొరుకుతుంది?

ముందు చల్లదనం. మే నెలలో ఓరుగల్లు ఎండ ఎట్లుంటుందో తెలిసినోళ్లకు చెప్పనక్కర్లేదు. తలుపు తీయగానే ముఖానికి తగిలే ఏసీ గాలికే మా పెద్దమ్మ కండ్లు మూసుకునేది. ఒకసారి సినిమా సగం నిద్రపోయింది. లేపబోతే బాపు వద్దన్నాడు. ‘మిర్పకాయ ఏరి ఏరి అలిసింది, పండనీ.’ మిర్చి తోటలో వంగిన నడుముకు మెత్తటి కుర్చీ మూడు గంటలు దొరకడం చిన్న విషయం కాదు. ఇంట్లో ఉంటే నీళ్లు తెమ్మనేవాళ్లు ఉంటారు, గొడ్డు అరుస్తుంది, ఎవరో ఒకరు పిలుస్తారు. ఆడోళ్లకు ఎవరూ పనిచెప్పని మూడు గంటలు అక్కడే దొరుకుతాయి. తెర మీద బొమ్మ ఎట్లున్నా సరే, ఆ చీకటి వాళ్లది.

ఇక యాతన. అది ఎక్కువగా ఆడోళ్లదే. చిన్న ఊళ్లలో నేను చూసిన థియేటర్లలో మూత్రశాలల పరిస్థితి రాయడానికి చెయ్యి రాదు. తలుపుకు గడియ ఉండదు, నీళ్లు రావు, బల్బు వెలగదు. నర్సంపేటలో దిగినప్పటి నుంచి మా అవ్వ గుక్కెడు నీళ్లు తాగేది కాదు. ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. ఏసీ పెట్టారు, డాల్బీ పెట్టారు, కుర్చీలు వెనక్కి వాలేవి వేశారు. ఆడోళ్ల బాత్రూమ్‌కు ఒక గడియ పెట్టడానికి ఎంతయితుంది? టికెట్ పెంపు వర్తించే ప్రతి థియేటర్‌లోనూ ముందు ఆ తలుపు తనిఖీ చేయాలని నేను ఏ అధికారికైనా చేతులెత్తి దండం పెట్టి అడుగుతాను.

తిండి సంగతి మరొకటి. సర్వపిండి మూట గేటు దగ్గర ఆపడం మొదలైన రోజు నాకు గుర్తుంది. 2023 జనవరి 3న సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ప్రకారం బయటి తిండిని వద్దనే హక్కు హాలు యజమానికి ఉంది. అయితే మంచి తాగునీళ్లు ఉచితంగా ఇవ్వాలి. పసిపిల్లల కోసం తెచ్చే ఆహారాన్ని ఆపకూడదు. ఈ రెండో ముక్క గేటు దగ్గర నిలబడే మనిషికీ తెలియదు, చంకలో బిడ్డ ఉన్న తల్లికీ తెలియదు. తెలిస్తే అడుగుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

మల్టీప్లెక్స్‌లో పాప్‌కార్న్ కొన్నప్పుడల్లా నాకు మా చేను గుర్తొస్తుంది. మక్కలకు 2025-26 మద్దతు ధర క్వింటాలుకు 2,400 రూపాయలు. కిలోకు ఇరవై నాలుగు. పాప్‌కార్న్‌కు వాడేది వేరే రకం మక్క, తెలుసు. అయినా టికెట్‌తో పోటీపడే ఆ డబ్బా చేతిలో పట్టుకుంటే, మక్క కంకులు వొలిచి వొలిచి బొటనవేలు వాచిన మా అవ్వ చెయ్యి కనబడుతుంది. మొదటిసారి ఆమెను హైదరాబాద్ కొత్తగూడకు తీసుకొచ్చి సినిమా చూపించినప్పుడు ధర చెప్పలేదు. ఆమె అడిగింది. ‘టికెట్ల కలిసొచ్చింది’ అన్నాను. ఆమెకు నేను చెప్పిన అబద్ధాల్లో నేను బాధపడే అబద్ధం అది.

ఆట నడిచొచ్చిన కాలం

మన దిక్కున ఆట చూడటానికి మనుషులు పోవడం ఇటీవలి సంగతి. అంతకుముందు ఆటే మనుషుల దగ్గరికి నడిచొచ్చేది. చిందు యక్షగానం మేళం ఊళ్లోకి వచ్చేది. రంగులు, కిరీటాలు, మద్దెల. నడివాడలో రాత్రంతా ఆట. ధాన్యమో పైసలో ఊరంతా కలిసి ఇచ్చేది. చూసేవానికి టికెట్ లేదు, ముందు కూర్చున్నోడు ముందు చూసేవాడు. మన జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. అదే జనగామ ప్రాంతం ఒగ్గుకథకు చుక్క సత్తయ్యను ఇచ్చింది. నాటకశాల లేకుండానే వందల ఊళ్లకు నాటకం చూపించిన నేల ఇది.

2023లో అది మళ్లీ జరగడం చూశాం. మార్చి 3న విడుదలైన ‘బలగం’ సినిమాను తెలంగాణ పల్లెల్లో పంచాయతీల ముందు, బడి ఆవరణల్లో తెర కట్టి వేశారు. ఊరంతా చాపలు పరుచుకొని కూర్చొని, చావింట్లో తోబుట్టువుల కథ చూసి ఏడ్చింది. అట్లా వేయడం అనుమతి లేని పనే, సినిమా తీసినోళ్లకు నష్టమే. ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఆ రాత్రులు ఒక సంగతి తేల్చాయి. థియేటర్ దగ్గరికి రాని జనానికి సినిమా మీద మనసు పోలేదు. తోవ దగ్గరైతే ఇసుక వేస్తే రాలనంత మంది వస్తారు.

గాలి నింపిన గుడారాల్లో ఏసీతో సహా తెర పెట్టే సాంకేతికత కూడా వచ్చింది. 2022లో రాజమండ్రి దగ్గర రాజానగరంలో అట్లాంటిది ‘ఆచార్య’ సినిమాతో మొదలైంది. ఆసిఫాబాద్‌లో మహిళా సంఘాల ఆధ్వర్యంలో ఇంకొకటి వచ్చింది. అడవి జిల్లా, అందునా ఆడోళ్ల చేతుల్లో. ఈ వార్త విన్నప్పుడు మా మండలం నా కండ్ల ముందు మెదిలింది. కొత్తగూడలో వారానికి రెండు రోజులు, పక్క మండలం గంగారంలో రెండు రోజులు, గుంజేడు ముసలమ్మ జాతరప్పుడు అక్కడ. సంఘంలో పొదుపు లెక్కలు పైసా పోకుండా రాసే ఆడోళ్లు టికెట్లు చించలేరా? నూటాయాభైకి బదులు డెబ్బై పెట్టినా నిండుతుంది, బస్సు కిరాయి మిగులుతుంది కాబట్టి. ఆ ఆడోళ్లు నడిపితే బాత్రూమ్ తలుపుకు గడియ తప్పకుండా ఉంటుందన్న నమ్మకం కూడా నాకుంది.

ఆఖరి బస్సు

ఈ మధ్య ఒక ఆదివారం ఊరికి పోయి, అవ్వను, చెల్లెను, దాని పిల్లలిద్దరిని తీసుకొని మళ్లీ నర్సంపేట మ్యాట్నీకి పోయాను. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి ఆడోళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో కిరాయి లేదు. అవ్వ ఆధార్ కార్డు ముందే తీసి చేతిలో పట్టుకుంది. ‘జీరో టికెట్’ చింపి ఇస్తే మడిచి కొంగున కట్టుకుంది. టికెట్ల ధరల మీద ఇన్ని జీవోలు వచ్చినా మా ఇంటి సినిమా ఖర్చును నిజంగా తగ్గించింది సినిమాతో సంబంధం లేని ఈ ఒక్క జీవోనే. బస్సులో సగం మంది ఆడోళ్లు సినిమాకే పోతున్నారు. మగ మనిషి తోడు లేకుండా ముగ్గురు నలుగురు కలిసి. నా చిన్నతనంలో ఇది చూడలేదు.

సినిమా విడిచింది. బస్టాండ్‌లో అందరివీ పొద్దున చూసిన ముఖాలే. బస్సు కిక్కిరిసింది. పాఖాల దాటేసరికి చీకటి పడింది, కిటికీల్లో అడవి తప్ప ఏమీ లేదు. బస్సు బస్సంతా సినిమా గురించే. హీరోకు ఆ పిల్లను ఇయ్యకపోతుండె అని ఒకామె, ఇంటర్వెల్ దాకానే బాగుందని ఒక పిలగాడు. సినిమాకు రాని ముసలాయన ఒకరు, సంతకు వచ్చి తిరిగిపోతున్నట్టున్నాడు, ‘మొదటిసంది చెప్పు బిడ్డా’ అని మా చెల్లెను అడిగాడు. అది మొదలుపెట్టింది. వెనక సీట్లో వాళ్లు మరిచిపోయింది అందించారు. అవ్వ మధ్యలో పాట రాగం తీసింది. ఒక్క టికెట్‌తో ఎంతమంది చూశారో ఆ బస్సులో లెక్క తెలియలేదు.

విలన్ ఇంటి దాకా వచ్చింది కథ. కండక్టర్ టికెట్ల మిషన్ పట్టుకొని అక్కడిదాకా వచ్చి ఆగిపోయాడు.

‘అక్కా, నీకు దండం పెడత. ఆఖర్ల ఏమైందో చెప్పకు. ఎల్లుండి నాకు ఆఫున్నది.’